ఒకసారి వచ్చిన తట్టు మళ్ళీ ఎందుకు రాదు?

తట్టు ఒకసారి వచ్చి పోతే మళ్ళీ రాదన్న మాట తెలుగు ఇళ్ళలో పెద్దవాళ్ళకు తెలిసినదే. కొన్నిచోట్ల పొంగు అని కూడా పిలిచే ఈ వ్యాధి ఇంట్లో ఒక బిడ్డకు సోకితే తక్కిన పిల్లలకూ సోకుతుందనీ, చిన్నతనంలో దానిని అనుభవించిన తల్లికి గాని, అమ్మమ్మకు గాని సోకదనీ వారు ఏ పుస్తకమూ చదవకుండానే గ్రహించారు. ఈ చిన్న పరిశీలనలో రెండు పెద్ద ప్రశ్నలు ఇమిడి ఉన్నాయి. వ్యాధి ఒకరి నుండి మరొకరికి ఏ దారిన, ఎంత కాలానికి చేరుతుంది? ఒకసారి దానిని ఎదిరించిన శరీరం జీవితాంతం దానిని ఎలా గుర్తు పెట్టుకొంటుంది?

వీటికి జవాబు కనుక్కోవటం ఒకప్పుడు చాల కష్టంగా ఉండేది. పెద్ద పట్టణాలలో తట్టు ఎప్పుడూ ఏదో ఒక వీధిలో ఉంటూనే ఉండేది. అటువంటి చోట ఎవరి నుండి ఎవరికి, ఏ రోజున సోకినదో తేల్చటం సాధ్యం కాదు. మనుషులకు కావాలని రోగం అంటించి చూడటం తగని పని. అయితే 1846లో ఉత్తర అట్లాంటిక్ సముద్రంలోని కొన్ని చిన్న దీవులలో ప్రకృతే అటువంటి ప్రయోగం చేసింది. దానిని ఓపికతో పరిశీలించిన ఒక యువవైద్యుని వలన అంటువ్యాధుల శాస్త్రానికి గట్టి పునాది పడింది.

ఫారో దీవులు

నార్వేకు, ఐస్‌లాండుకు నడుమ పద్దెనిమిది దీవుల సముదాయం ఒకటి ఉన్నది. వాటిని ఫారో దీవులంటారు. అవి డెన్మార్కు రాజ్యానికి చెందినవి. కొండలు, చలిగాలులు, గొర్రెల మందలు, చేపల వేట, ఇవే అక్కడి జీవితం. 1846 నాటికి అక్కడ 7,782 మంది నివసించేవారు. వర్తకం అంతా రాచరికపు గుత్తాధికారం క్రింద ఉండటం వలన బయటి ఓడలు అక్కడికి అరుదుగా వచ్చేవి. ఒక పల్లెనుండి మరొక పల్లెకు పోవాలంటే చాలచోట్ల పడవే గతి.

ఈ దీవులకు తట్టు 1781లో ఒకసారి వచ్చింది. ఆ తరువాత 65 సంవత్సరాలపాటు మళ్ళీ రాలేదు. అనగా 1846లో 65 ఏండ్లకు లోబడిన వారెవరూ, పుట్టి పెరిగిన దీవులను విడిచి పోకుండా ఉన్నట్లయితే, తట్టును ఎరుగరు.

1846 మార్చి నెలలో కోపెన్‌హాగెన్ నుండి ఒక వడ్రంగి ఓడలో బయలుదేరి ఫారో దీవుల ముఖ్యపట్టణమైన టోర్స్‌హావ్న్ చేరాడు. బయలుదేరక ముందే అతనికి తట్టు సోకి ఉన్నది గాని పైకి కనబడలేదు. దిగిన కొద్ది రోజులకు అతడు జబ్బుపడ్డాడు. తరువాత అతనితో దగ్గరగా మెలగిన వారు, ఆ పిమ్మట వారి వారి ఇళ్ళవారు పడకవేశారు. కొన్ని నెలలలో వ్యాధి దీవులన్నిటిలోను విజృంభించి, 7,782 మందిలో సుమారు 6,000 మందిని పట్టుకొన్నది. అంటే నూటికి 77 మంది. పసిపిల్లలే కాదు, నడివయసు వారు, వృద్ధులు కూడా మంచాన పడ్డారు.

డెన్మార్కు ప్రభుత్వం ఇద్దరు వైద్యులను అక్కడికి పంపింది. వారిలో ఒకరు పీటర్ లుడ్విగ్ పానుమ్. అప్పటికి ఆయన వయస్సు 25 సంవత్సరాలు. ఆయన పడవల మీద ఊరూరా తిరిగి రోగులకు చికిత్స చేస్తూనే, ప్రతి ఊరిలోను మొదట ఎవరికి, ఏ తేదీన దద్దు పొడచూపినది, అంతకుముందు వారు ఎక్కడికి వెళ్ళారు, ఎవరిని కలిశారు అనే సంగతులను విచారించి వ్రాసుకొన్నారు. ఆ పరిశీలనలను 1847లో ప్రకటించారు. వైరస్ అనేది ఒకటున్నదని అప్పటికి ఎవరికీ తెలియదు. చెడుగాలి వలన, నేలనుండి లేచే ఆవిరుల వలన రోగాలు పుడతాయని నమ్మే వైద్యులు అప్పటికింకా ఎందరో ఉండేవారు.

పదునాలుగు రోజుల లెక్క

పానుమ్ వ్రాసుకొన్న సంగతులలో ఒకటి ప్రసిద్ధమైనది. ట్యోర్నువీక్ అనే పల్లెనుండి పదిమంది ఒకే పడవలో వెస్ట్‌మన్నా అనే చోటికి జూన్ 4వ తేదీన తిమింగిలాల వేటకు వెళ్ళారు. అక్కడ తట్టు ఉన్నవారితో కలిశారు. జూన్ 18వ తేదీన ఆ పదిమందికీ దద్దు పొడచూపింది. కలిసినది ఒక్క రోజు, దద్దు కనబడినది ఒక్క రోజు, నడుమ సరిగా పదునాలుగు రోజులు. ఇటువంటి ఉదాహరణలు ఎన్నో పోగుచేసిన మీదట, రోగితో కలిసిన రోజుకు, దద్దు కనబడే రోజుకు నడుమ 13, 14 రోజుల వ్యవధి ఉంటుందని ఆయన నిర్ణయించారు.

విత్తనం నాటిన రోజుననే మొలక కనబడదు. మన్నులో దాని పని అది చేసుకొన్న తరువాతనే పైకి వస్తుంది. అట్లే రోగకారకం శరీరంలో చేరిన తరువాత లక్షణాలు కనబడేవరకు పట్టే కాలాన్ని పొదుగుదల కాలం అంటారు. ఈ లెక్క తెలియక పోవటం వలననే పూర్వం జనులు రోగం గాలిలోనుండి ఊడిపడిందని భ్రమపడేవారు. పక్షం రోజుల క్రిందట కలిసిన మనిషిని ఎవరు గుర్తుంచుకొంటారు? లెక్క దొరికిన తరువాత ప్రతి రోగికీ వెనుక మరొక రోగి ఉన్నాడని తేలిపోయింది. తట్టు చెడుగాలిలో పుట్టదు, మనిషి నుండి మనిషికి గొలుసులోని కడియాలవలె సాగుతుంది. రాకపోకలను కట్టడి చేసుకొన్న కొన్ని పల్లెలు ఆ ఏడు ఈ వ్యాధి బారి పడకుండా తప్పించుకోవటం దీనికి మరొక నిదర్శనం.

తట్టు వైరస్ రోగి దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, మాట్లాడినప్పుడు కూడా వెలువడే సన్నని తుంపరలలో ఉంటుంది. రోగి గదిని విడిచిపోయిన తరువాత కూడా రెండు గంటలవరకు అది గాలిలో నిలిచి ఉండగలదు. దద్దు పొడచూపడానికి నాలుగు రోజుల ముందునుండి నాలుగు రోజుల తరువాతి వరకు రోగి దానిని ఇతరులకు అంటించగలడు. రక్షణ లేనివారు పదిమంది రోగితో దగ్గరగా మెలగితే వారిలో సుమారు తొమ్మిదిమందికి సోకుతుంది.

తట్టు సోకిన ఇంటి వాకిట వేపమండలు కట్టి, పరాయివారిని గడప దాటనీయకపోవటం మన పల్లెలలోని ఆచారం. రోగిని వేరుగా ఉంచటం మంచిదే. కాని వేపమండ కట్టేది దద్దు కనిపించిన తరువాత. అప్పటికి నాలుగు రోజులుగా ఆ బిడ్డ బడిలో, ఆటలలో, నీళ్ళ రేవులో వైరస్‌ను పంచి ఉంటాడు. జలుబు, దగ్గు, జ్వరం, కళ్ళ ఎరుపు మాత్రమే ఉన్న ఆ తొలి రోజులలో దానిని తట్టు అని పోల్చుకోవటం వైద్యులకు సైతం కష్టమే. అందుచేత కట్టడి ఒక్కదానితో ఈ వ్యాధిని ఆపటం సాధ్యపడలేదు.

తొంబది ఎనిమిదిమంది వృద్ధులు

పానుమ్ గమనించిన రెండవ సంగతి మరింత విలువైనది. 1781లో తట్టు వచ్చి కోలుకొన్నవారిలో కొందరు 1846 నాటికి ఇంకా జీవించి ఉన్నారు. అటువంటి వృద్ధులను 98 మందిని ఆయన స్వయంగా చూశారు. ఇంటినిండా రోగులున్నప్పటికీ వారిలో ఒక్కరికి కూడా తట్టు రెండవసారి రాలేదు. అదే వయస్సు వారై, 1781లో తట్టు రాకుండా తప్పించుకొన్న వృద్ధులకు మాత్రం ఈసారి సోకింది. కాబట్టి వారిని కాపాడినది ముసలితనం కాదు, దీవుల చలిగాలి కాదు, చిన్ననాడు వచ్చిన ఆ వ్యాధియే. పైగా ఆ 65 ఏండ్లలో వారి శరీరానికి తట్టు మళ్ళీ తారసపడనే లేదు. ఎవరూ గుర్తు చేయకపోయినా శరీరం తనంత తానుగా ఆ శత్రువును అరవై ఐదేండ్లు గుర్తు పెట్టుకొన్నది.

ఈ జ్ఞాపకం ఎక్కడ దాగి ఉంటుందో తెలుసుకోవటానికి శాస్త్రజ్ఞులకు మరొక నూరేండ్లకు పైగా పట్టింది.

మూడు వరుసల రక్షణ

శరీరపు రక్షణను ఒక కోటతో పోల్చవచ్చు. మొదటి వరుస గోడ. చర్మం, ముక్కులోను గొంతులోను ఉండే జిగురు, ఊపిరిగొట్టాలలో ఆ జిగురును సదా పైకి ఊడ్చే సన్నని కేశాలు, కడుపులోని ఆమ్లం, కన్నీరు, ఇవన్నీ ఈ వరుసలోనివి. ఎన్నో సూక్ష్మజీవులు ఇక్కడనే ఆగిపోతాయి.

రెండవ వరుస కాపలావారిది. 1882లో రష్యా శాస్త్రజ్ఞుడు మెచ్నికోవ్ ఇటలీలోని మెస్సీనా పట్టణంలో, గాజువలె పారదర్శకమైన నక్షత్రచేప పిల్లలలో చిన్న ముల్లు గుచ్చి చూశాడు. మరునాటికి కదలాడే కణాలెన్నో ఆ ముల్లు చుట్టూ మూగి ఉన్నాయి. మన తెల్ల రక్తకణాలలో కొన్ని ఇట్లే పరాయి వస్తువులను చుట్టుముట్టి మ్రింగివేస్తాయి. గాయం వద్ద చేరే చీములో ఉండేది చాలవరకు అట్లా పోరాడి మరణించిన కణాలే. వైరస్ సోకిన కణం కూడా ఊరుకోదు. ఇంటర్ఫెరాన్ అనే పదార్థాన్ని వెలువరించి ఇరుగుపొరుగు కణాలను హెచ్చరిస్తుంది. దీనిని 1957లో లండనులో ఐజాక్స్, లిండెన్‌మన్ అనే ఇద్దరు కనుగొన్నారు. ఈ రెండవ వరుస గంటలలో పని మొదలుపెడుతుంది. కాని ఒక శత్రువుకు, మరొక శత్రువుకు గల భేదాన్ని అది సూక్ష్మంగా గుర్తించలేదు.

మూడవ వరుసలో ఉన్నవి లింఫోసైటులు అనే తెల్ల కణాలు. వీటిలో బి-కణాలు, టి-కణాలు అని రెండు ముఖ్యమైన తెగలున్నాయి. ఒక్కొక్క లింఫోసైటు ఒక్కొక్క ఆకారాన్ని మాత్రమే గుర్తించగలదు. ఒక తాళానికి ఒక తాళపుచెవి అన్నట్లు, ఏ సూక్ష్మజీవి వచ్చినా దానికి సరిపడే కణం ఎక్కడో ఒకటి ఉండేటంతటి వైవిధ్యం వీటిలో ఉన్నది. సరిపడిన కణానికి శత్రువు తారసపడగానే అది విభజన చెంది వేలు, లక్షలుగా పెరుగుతుంది. బి-కణాల సంతతి ప్రతిదేహాలనే ప్రోటీనులను తయారుచేసి రక్తంలోనికి వదులుతుంది. అవి వైరస్‌కు అంటుకొని అది కణాలలోనికి చొరబడకుండా అడ్డగిస్తాయి. అయితే కణంలోపల దాగిన వైరస్‌ను ప్రతిదేహాలు పట్టుకోలేవు. ఆ పని టి-కణాలది. అవి వైరస్ చేరిన కణాన్నే వెదకి చంపివేస్తాయి.

ఈ సైన్యం తయారుకావటానికి మొదటిసారి ఒక వారం నుండి రెండు వారాల వరకు పడుతుంది. ఆ వ్యవధిలోనే రోగి మంచాన పడతాడు. కోలుకొన్న తరువాత సైన్యంలో చాలభాగం నశించినా, కొన్ని కణాలు మాత్రం మిగిలి ఉంటాయి. వీటినే జ్ఞాపకకణాలు అంటారు. మరికొన్ని కణాలు ఎముకల మూలుగలో చేరి ఏండ్ల తరబడి ప్రతిదేహాలను కొద్దికొద్దిగా తయారుచేస్తూనే ఉంటాయి. అదే శత్రువు రెండవసారి వచ్చినప్పుడు సైన్యం సిద్ధంగా ఉంటుంది. రోగి అనదగిన మనిషి కనబడక ముందే యుద్ధం ముగుస్తుంది. ఫారో వృద్ధుల శరీరంలో అరవై ఐదేండ్లు నిలిచినది ఇదే.

ఇతర జీవుల రక్షణ

ఆత్మరక్షణ మనిషికి మాత్రమే చెందిన విద్య కాదు. మొక్కలలో రక్తమూ లేదు, తిరుగాడే కణాలూ లేవు. అయినా వైరస్ సోకిన చోట కొన్ని రకాల పొగాకు మొక్కలు ఆ కొద్దిపాటి కణాలను తామే చంపుకొంటాయి. ఆకు మీద చిన్న ఎండు మచ్చ ఏర్పడుతుంది, వైరస్ అక్కడనే బందీ అవుతుంది. అంతేకాక ఒక ఆకుకు దెబ్బ తగిలితే తక్కిన ఆకులు కూడా కొంతకాలంపాటు వైరస్‌ను గట్టిగా ఎదిరించగలుగుతాయని 1961లో పరిశోధకులు గమనించారు.

కంటికి కనబడని బాక్టీరియాలకు కూడా శత్రువులున్నాయి. వాటిని పట్టే వైరస్‌లను బాక్టీరియోఫేజ్‌లంటారు. పాలను తోడువేసే బాక్టీరియాలలో ఒకదానిపై చేసిన పరిశోధనలో 2007లో ఒక వింత బయటపడింది. ఫేజ్ దాడిని తట్టుకొని బ్రతికిన బాక్టీరియా ఆ శత్రువు జన్యుపదార్థంలోని ఒక చిన్న ముక్కను తన జన్యుపదార్థంలో అతికించి దాచుకొంటున్నది. మళ్ళీ ఆ ఫేజ్ వస్తే ఆ ముక్కను ఆనవాలుగా పెట్టుకొని దానిని తుత్తునియలు చేస్తున్నది. ఒకే కణం గల జీవికి కూడా శత్రువును గుర్తుంచుకోవటం అవసరమైందన్న మాట. మనిషి జ్ఞాపకం కణాలలో ఉంటే, బాక్టీరియా జ్ఞాపకం దాని వంశపు చిట్టాలోనే ఉన్నది. అందుచేత అది దాని సంతతికి కూడా సంక్రమిస్తుంది. తట్టు వచ్చి పోయిన తల్లి మాత్రం తన ప్రతిదేహాలను గర్భంలోని బిడ్డకు ఇవ్వగలదు గాని, జ్ఞాపకకణాలను ఇవ్వలేదు. కొన్ని నెలలలో ఆ ప్రతిదేహాలు తరిగిపోతాయి. అప్పుడు బిడ్డకు రక్షణ ఉండదు.

కాపలావారినే పట్టే శత్రువు

తట్టు సామాన్యమైన పిల్లల జబ్బు అనుకోవటం పొరపాటు. ఊపిరితిత్తులలో కాపలా కాసే తెల్ల కణాల మీద ఒక ప్రత్యేక ప్రోటీను ఉంటుంది. తట్టు వైరస్ దానినే తలుపుగా చేసుకొని ఆ కణాలలో ప్రవేశిస్తుంది. ఈ సంగతి 2000లో జపానులో తేలింది. కాపలావారే దానిని మోసుకొని బిళ్ళలలోనికి, అంటే లింఫ్ గ్రంథులలోనికి చేరుస్తారు. అక్కడ అది లింఫోసైటులలో వృద్ధిపొంది, రక్తం ద్వారా శరీరమంతటా వ్యాపించి, చివరకు ఊపిరిగొట్టాల లోపొరను చేరి దగ్గుతో బయటపడుతుంది. పదునాలుగు రోజుల పొదుగుదల కాలంలో తెరవెనుక జరిగే కథ ఇది.

మనకు కనిపించే ఎర్రని దద్దు నిజానికి శరీరపు ఎదురుదాడికి గుర్తు. చర్మంలోని సన్నని రక్తనాళాల వద్ద వైరస్ చేరిన కణాలపై టి-కణాలు చేసే పోరాటమే దద్దుగా పైకి కనబడుతుంది. టి-కణాలు సరిగా పనిచేయని పిల్లలలో దద్దు పొడచూపకపోవచ్చు. కాని వారికే వ్యాధి అతిప్రమాదకరం అవుతుంది.

వైరస్ లింఫోసైటులలో పెరగటం వలన మరొక కీడు కూడా కలుగుతుంది. తట్టు వచ్చిన పిల్లలలో క్షయ పరీక్షకు చర్మం స్పందించకపోవటాన్ని 1908లోనే వియన్నా వైద్యుడు ఫాన్ పిర్కే గుర్తించాడు. దీనికి కారణం ఇటీవల స్పష్టమైంది. టీకా వేసుకోని డచ్చి పిల్లల రక్తాన్ని తట్టు రాకముందు, వచ్చిన తరువాత పరీక్షించగా, వివిధ రోగాలను ఎదిరించే ప్రతిదేహాలలో నూటికి 11 నుండి 73 వరకు మాయమైనట్లు 2019లో ప్రకటించారు. ఒక్కొక్క బిడ్డలో ఈ నష్టం ఒక్కొక్క విధంగా ఉన్నది. వైరస్ పాత జ్ఞాపకకణాలను చంపి, తన జ్ఞాపకాన్ని మాత్రమే మిగిల్చి పోతున్నది. అందుచేతనే తట్టు తగ్గిన తరువాత కూడా నెలల తరబడి పిల్లలు న్యుమోనియాకు, విరేచనాలకు సులభంగా లోనవుతారు. తట్టు మరణాలకు ముఖ్యకారణం ఇటువంటి ఉపద్రవాలే. విటమిన్ ఎ లోపం ఉన్న పిల్లలలో చూపు పోయే ప్రమాదం కూడా ఉన్నది. కాబట్టి రోగి అయిన బిడ్డకు విటమిన్ ఎ ఇప్పించాలి, పథ్యం పేరిట తిండి తగ్గించరాదు.

గొలుసు ఎప్పుడు తెగుతుంది?

ఫారో దీవులలో కొన్ని నెలల తరువాత తట్టు దానంతట అదే అంతరించింది. మందు లేదు, టీకా లేదు. మరి ఎట్లా ఆగిపోయింది? ఇక్కడ ఒక చిన్న లెక్క వేయవచ్చు. ఎవరికీ రక్షణ లేని జనంలో ఒక తట్టు రోగి సగటున 12 నుండి 18 మందికి వ్యాధిని అంటిస్తాడు. లెక్క సౌకర్యం కోసం 15 అనుకొందాం. మొదటి పక్షంలో 15 మంది, రెండవ పక్షంలో 225 మంది, మూడవ పక్షంలో 3,375 మంది రోగులవుతారు. పల్లెలు దూరదూరంగా ఉండటం వలన ఫారోలో వ్యాధి ఇంత వేగంగా సాగలేదు గాని, పెరుగుదల తీరు ఇదే.

ఇప్పుడు రోగి కలిసే ఆ 15 మందిలో 10 మందికి ముందే రక్షణ ఉన్నదనుకొందాం. అప్పుడు సోకేది 5 మందికే. 14 మందికి రక్షణ ఉంటే సోకేది ఒక్కరికే. అంతకు మించితే ప్రతి రోగికీ ఒక రోగి కూడా పుట్టడు. గొలుసు తెగిపోతుంది. 15లో 14 అంటే నూటికి 93. రోగి 18 మందికి అంటించగల చోట అది నూటికి 94 దాటుతుంది. ఇందువలననే తట్టును ఆపటానికి నూటికి 95 మందికి రక్షణ ఉండాలని అంటారు. దీనిని సమూహ రక్షణ అంటారు. రక్షణ ఉన్నవారు తమను కాపాడుకోవటమే కాక, తమ వెనుక నిలబడిన రక్షణ లేనివారిని కూడా కాపాడుతారు.

తట్టు బ్రతకాలంటే దానికి ఎప్పటికప్పుడు కొత్త మనుషులు కావాలి. అది నేలలోను, నీటిలోను నిలువ ఉండదు, జంతువులలో దాగదు. ఎప్పటికప్పుడు చాలినంతమంది పిల్లలు పుడుతూ ఉండే పెద్ద జనసమూహంలోనే అది నిలువగలదు. ఆ సమూహంలో సుమారు రెండున్నర లక్షల నుండి ఐదు లక్షల మంది వరకు ఉండాలని పట్టణాలను, దీవులను పరిశీలించినవారు లెక్క వేశారు. కాబట్టి నగరాలు పుట్టక ముందు తట్టు మనుషులలో స్థిరపడి ఉండదు. దాని దగ్గరి బంధువు పశువులను చంపే రిండర్‌పెస్ట్ వైరస్. ఆ రెండింటి పూర్వికుల దారులు క్రీస్తుకు పూర్వం 6వ శతాబ్దం నాటికే వేరుపడి ఉండవచ్చునని 2020లో ఒక పరిశోధన సూచించింది.

దీవులలో అంటువ్యాధి లేకపోవటం అదృష్టంగా తోచినా, అందులో ఒక అపాయం దాగి ఉన్నది. 1875లో ఫిజీ దీవులకు తట్టు మొదటిసారిగా వచ్చినప్పుడు సుమారు 40,000 మంది మరణించారు. ఊరంతా ఒకేసారి మంచాన పడితే నీళ్ళు తెచ్చేవారు, గంజి కాచేవారు ఉండరు. జబ్బుతో పాటు ఆకలి, దాహం కూడా ప్రాణాలు తీస్తాయి.

జబ్బు లేకుండా జ్ఞాపకం

జబ్బు పడకుండానే శరీరానికి ఆ జ్ఞాపకాన్ని కలిగించటమే టీకా చేసే పని. 1954లో బోస్టన్ నగరంలో జాన్ ఎండర్స్, టామస్ పీబుల్స్ అనేవారు ఒక రోగి బాలుని నుండి తట్టు వైరస్‌ను వేరుచేసి గాజు పాత్రలలోని కణాలలో పెంచారు. అట్లా పలుమార్లు పెంచి బలం తగ్గించిన వైరస్‌తో తయారైన టీకా 1963లో వాడుకలోనికి వచ్చింది. ఫ్లూ వైరస్ ఏటేటా వేషం మారుస్తుంది గాని, తట్టు వైరస్ తన ముఖ్యమైన ఆనవాళ్ళను మార్చలేకపోతున్నది. అందువలన 1954 నాటి వైరస్ నుండి తయారైన టీకాలు నేటికీ పనిచేస్తున్నాయి.

టీకా రాకముందు ప్రపంచంలో తట్టు వలన ఏటా సుమారు 26 లక్షలమంది మరణించేవారని అంచనా. 2023లో ఆ సంఖ్య సుమారు 1,07,500. వారిలో ఎక్కువమంది టీకా అందని, లేదా అన్ని మోతాదులూ అందని ఐదేండ్ల లోపు పిల్లలే. తట్టుకు బంధువైన రిండర్‌పెస్ట్‌ను 2011లో భూమి మీద లేకుండా చేశారు. మశూచి తరువాత మానవుడు పూర్తిగా నిర్మూలించిన రెండవ వ్యాధి అదే. తట్టు కూడా నిర్మూలించదగిన వ్యాధియే. కాని అది మశూచి కంటె ఎంతో వేగంగా అంటుకొంటుంది. అందుచేత రక్షణలో ఏ కొద్ది సందు దొరికినా చొరబడుతుంది. 1998లో తట్టును తుదముట్టించిన కెనడా, టీకాలు తగ్గటం వలన విజృంభించిన వ్యాధిని ఏడాదిపాటు అరికట్టలేక, 2025 నవంబరులో ఆ గౌరవాన్ని కోల్పోయింది.

భారతదేశంలో తట్టు టీకా 1985లో సార్వత్రిక టీకాల కార్యక్రమంలో చేరింది. 2017 నుండి రుబెల్లా టీకాతో కలిపి ఇవ్వటం మొదలైంది. మొదటి మోతాదు 9 నెలలు నిండిన తరువాత, రెండవది 16 నుండి 24 నెలల మధ్య వేస్తారు. అంతకుముందే ఎందుకు వేయరంటే, తల్లినుండి వచ్చిన ప్రతిదేహాలు టీకాలోని వైరస్‌ను కూడా అడ్డగిస్తాయి. అప్పుడు బిడ్డ శరీరానికి నేర్చుకొనే అవకాశం ఉండదు. ఒక్క మోతాదుతో అందరికీ రక్షణ ఏర్పడదు. తప్పిపోయిన వారికి కూడా రక్షణ కలిగించటానికే రెండవది.

తల్లి ఇచ్చిన రక్షణ తరిగి, టీకా వయస్సు ఇంకా రాని ఆ కొద్ది నెలలలో పసిబిడ్డను కాపాడేది ఏది? దాని శరీరంలో ఏ జ్ఞాపకమూ ఇంకా ఏర్పడలేదు. చుట్టూ ఉన్న అన్నలు, అక్కలు, ఇరుగుపొరుగు పిల్లలు, వారి శరీరాలలోని జ్ఞాపకమే ఆ బిడ్డకు కోటగోడ. ఒక తరగతిలో నలభైమంది పిల్లలుంటే, నూటికి 95 అన్న లెక్క ప్రకారం 38 మందికి రక్షణ ఉండాలి. ముగ్గురికి లేకపోతే లెక్క తప్పుతుంది. ఆ తరగతి పిల్లల టీకా కార్డులను ఒకసారి చూస్తే, ఆ బడికి ఆనుకొని ఉన్న వీధులలోని ఉయ్యాలలకు ఎంత రక్షణ ఉన్నదో ఉపాధ్యాయులకు, విద్యార్థులకు తామే లెక్కకట్టి తెలుసుకోవటం సాధ్యమవుతుంది.